వెనక గేరు బ్యాచ్

ఉత్తర్వు వచ్చిన రోజు ఎర్రవంకపల్లె హైస్కూల్లో పదో తరగతికి త్రికోణమితి మొదలుకావాల్సింది. హెడ్మాస్టరు దస్తగిరి సారు లెక్కల పుస్తకానికి బదులు పన్నెండు పేజీల కాగితాలు పట్టుకుని లోపలికి వచ్చాడు. కుర్చీలో కూర్చుని, కళ్ళద్దాలు తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "మీరంతా ఒక సీరియలు చూడల్లంట" అన్నాడు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండో బెంచీలో గోడవైపు కూర్చునే చౌడేశ్వరి మాత్రం కొట్టలేదు. ఆమె ఏ పనీ చప్పుడయ్యేలా చేయదు. హాజరు పిలిచినప్పుడు ఆమె "ఉన్నాను సార్" అనడం పక్కనున్న మాబున్నికి మాత్రమే వినిపిస్తుంది. మాబున్ని దాన్ని పెద్ద గొంతుతో సారుకు చేరవేస్తుంది.

ఆ సీరియలు పేరు 'వెనక గేరు'. ముప్పై మూడేళ్ళ కిందట, తొంభై ఒకటిలో, ఇరవై ఆరు ఆదివారాలు టీవీలో వచ్చింది. అందులో ఇంజనీరు బాబాయి అనే పెద్దమనిషి ఒక పాత రోడ్డు రోలరుకు వెనక గేరు వేస్తే అది కాలంలో వెనక్కి పోతుంది. పోయేముందు ప్రతిసారీ పక్కనున్న పిల్లలకు ఒకే మాట చెబుతాడు: "చూడండి, వినండి, దేన్నీ ముట్టుకోకండి!" గతాన్ని ముట్టుకుంటే వర్తమానం తలకిందులవుతుందని ఆయన భయం.

ఎక్కడో పెద్ద సభలో పెద్ద అధికారి ఒకరు, చిన్నప్పుడు 'వెనక గేరు' చూడబట్టే తనకు శాస్త్రజ్ఞానం అబ్బిందని చెప్పారట. సభలో ఉన్న మిగతా అధికారులకు కూడా తమకు అబ్బింది అక్కడినుంచేనని అప్పటికప్పుడు గుర్తొచ్చింది. నెల తిరక్కుండా 'శాస్త్రీయ దృక్పథ పునర్వీక్షణ పథకం' పుట్టింది. దానికొక యాప్ కూడా పుట్టింది. పథకంలో నమోదు కానివాళ్ళకు పదో తరగతి హాల్ టికెట్ రాదు. అది తొమ్మిదో పేజీలో ఉంది.

దస్తగిరి సారు ఆ మధ్యాహ్నమే యాప్ తెరిచి పిల్లల పేర్లు ఎక్కించడం మొదలుపెట్టాడు. ఆరు గళ్ళు నిండాయి. ఏడో గడి దగ్గర ఆగిపోయాడు. 'విద్యార్థి ఈ సీరియల్‌ను మొదటిసారి చూసిన సంవత్సరం' అని ఉంది. రెండువేల ఇరవై నాలుగు అని కొడితే ఎర్రగా మారింది. ఖాళీగా వదిలితే ఇంకా ఎర్రగా మారింది. ఆ గడి ఒప్పుకునే సంవత్సరం ఒక్కటే, తొంభై ఒకటి.

సారు ఈ పథకానికి మండల సమన్వయాధికారి అయిన చెన్నకేశవులు గారికి ఫోను చేశాడు. ఒక చెవి సరిగా వినిపించదు కాబట్టి స్పీకరులో పెట్టాడు. అప్పుడు చౌడేశ్వరి అక్కడే కూర్చుని పాఠశాల రిజిస్టర్లకు గీతలు కొడుతోంది. బడిలో ముత్యాల్లాంటి దస్తూరీ ఆమెది. అందుకని ఏ రిజిస్టరైనా చివరికి ఆమె దగ్గరికే వస్తుంది.

"సార్, తొంభై ఒకటికి మా పిల్లోళ్ళు పుట్టనే లేదు సార్."

"దస్తగిరి గారూ, మీరు సమస్యను భావోద్వేగంతో చూస్తున్నారు. పుట్టడం, పుట్టకపోవడం ఆయా కుటుంబాల అంతర్గత విషయం. అందులో పథకం జోక్యం చేసుకోదు."

"మరి ఏడో గడి సార్?"

"ఇది పునర్వీక్షణ. మొదటి వీక్షణ లేకుండా పునర్వీక్షణ జరిగితే రేపు తనిఖీలో ఎవరు సమాధానం చెప్పాలి? పోయినేడు మొక్కలు నాటే వారోత్సవం ఉత్తర్వు మీకెప్పుడు అందింది?"

"వారోత్సవం అయిపోయినాక పది దినాలకు సార్."

"అప్పుడేం చేశారు?"

"ఏం చేసేది సార్, ఎనక తేదీలు ఏసి రిజిస్టరు రాసినాము."

"చూశారా! పద్ధతి మీ చేతిలోనే ఉంది. అప్పుడు పది రోజులు, ఇప్పుడు ముప్పై మూడేళ్ళు. పరిమాణంలో తేడా తప్ప ప్రక్రియలో తేడా లేదు. తొంభై ఒకటి నాటి వీక్షణ హాజరు రిజిస్టరు ఒకటి సమర్పించండి." ఫోను పెట్టేయబోతుండగా ఆయన గొంతు కొంచెం మెత్తబడింది. "అన్నట్టు, తొంభై ఒకటిలో నేను మీ బడిలోనే పది చదివాను. నా పేరు కూడా చేర్చండి. సహజంగా ఉంటుంది. ఒక్క ఆదివారం మానలేదండీ నేను. ఆ సీరియలే నన్ను ఇంతవాణ్ణి చేసింది."

దస్తగిరి సారు ఫోను జేబులో పెట్టుకుని చౌడేశ్వరి వైపు చూశాడు. "పాపా, నీకు ఇంకొక రిజిస్టరు ఉండాది."

పని చెప్పడంలో సారుకు అనుభవం ఉంది. అందరూ అన్నివారాలూ వచ్చారని రాస్తే ఎవరూ నమ్మరని, వారానికి ఇద్దరికి జ్వరం పెట్టమని చెప్పాడు. కాగితం పాతగా కనిపించాలి కదా, మాబున్ని ఇంటినుంచి టీ డికాషను తెచ్చింది. ఇద్దరూ కాగితాలను అందులో ముంచి, బడి గోడమీద ఎండబెట్టి, రెండు రోజులు బియ్యం మూటల కింద పెట్టారు. రిజిస్టరు పెద్దమనిషిలాగా తయారైంది.

"ఒసేయ్, మనం పుట్టకముందే నాకు జరం వచ్చిందంట. ఇంజెక్షను ఏసినారో లేదో" అంది మాబున్ని తన వరస చూసుకుని.

చౌడేశ్వరి నవ్వలేదు. ఆమెను ఒక విషయం తొలుస్తోంది. జ్వరాలైతే ఊహించి రాయొచ్చు. ఆదివారాలు నిజంగా వచ్చిపోయినవి కదా. నిజం దొరికేచోట అబద్ధం రాయడానికి ఆమె చేయి రాదు. ఆ సాయంత్రం చెనక్కాయలు ఒలుస్తున్న నాయనమ్మ నాగులమ్మ పక్కన కూర్చుంది.

"జేజీ, వెనక గేరు నువ్వు చూసినావా?"

నాగులమ్మ చేతిలో కాయ అట్లాగే ఆగిపోయింది. "చూడకేమి! పంచాయతీ ఆఫీసు కాడ ఊరంతా చూసినాం. తొమ్మిదో వారం యాంటెన్నా మింద కోతి కూచుంటే సగం కత కోతి తినె. ఇరవై ఆరో వారం చూడు, ఆ రోలరు బాబాయి వెనక్కి పోయి ఇరుక్కపోయినాడు, తిరిగొస్తాడా రాడా అని ఊపిరి బిగబట్టుకోని కూచుంటిమి. టప్‌మని కరెంటు పాయె. సాయంత్రానికి వచ్చె. ఒగరు గూడా చూల్యా. ఈ పొద్దుటికీ ఆ మనిసి ఏమైనాడో తెలీదు."

"మరి చెన్నకేశవులు సార్ అని..."

"ఎవురు, సుబ్బరాయుడు కొడుకు కేశవగాడా?" జేజి గట్టిగా నవ్వింది. "మూడో వారం రాచ్చసబల్లి వచ్చె. అట్టతో చేసిన బల్లి పాపా, తోకకు కట్టిన దారం గూడా కనపడతాండె. వాడు కెవ్వుమని అరిసి, చెప్పులు గూడా ఇడిసిపెట్టి పరిగెత్తె. ఆ చెప్పులు వాళ్ళమ్మకు నేనే ఇస్తి. మళ్ళా ఆ పక్కకు రాల్యా."

చౌడేశ్వరి రిజిస్టరు రాసింది. నలభై ఒక్కమంది పేర్లయ్యాక, రాసేవాళ్ళు తమ పేరు ముందు పెట్టుకోవడం మర్యాద కాదనిపించి తన పేరు నలభై రెండోది వేసుకుంది. నలభై మూడోది చెన్నకేశవులు గారిది. మొదటి రెండు వారాలు హాజరు, తక్కిన ఇరవై నాలుగూ గైర్హాజరు. డిసెంబరు ఇరవై తొమ్మిదో తేదీ ఆదివారం కింద సన్నని అక్షరాలతో 'కరెంటు పోయింది, ఎవరూ చూడలేదు' అని రాసింది. లీడరు సంతకం ఉన్నచోట తన సంతకమే పెట్టింది, ఇంకెవరూ లేరు కాబట్టి. దస్తగిరి సారు అట్ట చూసి, మురిసిపోయి, లోపల చూడకుండా ప్రతి పేజీమీద స్టాంపు వేశాడు. యాప్‌లో మాత్రం సారు 'అందరూ చూశారు' అని కొట్టాడు, అట్లా కొడితేనే తర్వాతి గడి తెరుచుకుంటుంది. ఏడో గడి పచ్చగా మారింది.

ఇక పునర్వీక్షణ మొదలైంది. ఒక్కో భాగానికి ఒక్కో ఫోటో ఎక్కించాలి. ఫోటోలో పిల్లల ముఖాల్లో శాస్త్రీయ ఆశ్చర్యం లేకపోతే యాప్ తిప్పికొడుతుంది. "నోళ్ళు తెరవండి! ఏయ్, ఆవలింత కాదు, ఆశ్చర్యం!" అని దస్తగిరి సారు తెరకు వీపు పెట్టి నిలబడి రోజూ అరిచేవాడు. సారు అడ్డంగా ఉండటంవల్ల మొదటి నాలుగు భాగాల్లో రోలరు ముందు చక్రం తప్ప ఏమీ కనిపించలేదు.

పది రోజులకు బడికి ఒక జీపు వచ్చింది. నలభై దాటినవారికి కంటి పరీక్షలట. జాబితా చదివి నలభై రెండుమందినీ వరసలో నిలబెట్టారు. శాఖల మధ్య సమన్వయం బాగుంది. తొంభై ఒకటిలో పది చదివినవాళ్ళకు ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళుంటాయని యాప్ లెక్కగట్టి అన్ని శాఖలకూ చెప్పేసింది.

"నాకు పదైదేండ్లు సార్" అంది మాబున్ని.

"మా దగ్గర నలభై ఎనిమిదుంది తల్లీ. చూడటానికి చిన్నగా ఉన్నావు, అదృష్టం" అని జీపులో వచ్చిన కంటి డాక్టరు ఆమెకు చదువుకునే కళ్ళద్దాలు ఇచ్చి వెళ్ళాడు. అవి పెట్టుకుంటే మాబున్నికి నల్లబల్ల రెండుగా కనిపించేది. తర్వాతి వారం వయోజన విద్యవాళ్ళు వచ్చి పలకలిచ్చి, ఇంతకాలం బడికి దూరమైనా వెనుకాడవద్దని ధైర్యం చెప్పారు. మధ్యాహ్న భోజనంలో గుడ్లు ఆగిపోయాయి. పూర్వ విద్యార్థులకు గుడ్డు పెట్టే నిబంధన లేదు.

ఇదంతా నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ హాల్ టికెట్లు వచ్చే రోజు వచ్చింది, ఎర్రవంకపల్లెకు ఒక్కటీ రాలేదు. పేర్లకు ఎదురుగా 'ఇదివరకే పూర్తి చేసినారు' అని ఉంది.

చౌడేశ్వరికి ఆ రాత్రి అన్నం సయించలేదు. పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష దరఖాస్తులో హాల్ టికెట్ నంబరు వేయాలి. ఆఖరి తేదీకి పన్నెండు రోజులే ఉన్నాయి. ఈ ఏడాది తప్పితే ఇంట్లో ఇంకో ఏడాది ఆగరు. ఆ మాట నాయన పైకి అనలేదు గానీ, టమాటా కోతకు మనుషులు దొరకడం లేదని ఈమధ్య రెండుసార్లు అన్నాడు. రోడ్లు వేసే ఇంజనీరు కావాలని చౌడేశ్వరి ఎవరితోనూ చెప్పలేదు. సీరియలు రాకముందునుంచే ఉంది ఆ కోరిక, వానాకాలం బడికి బురదలో నడిచినప్పటినుంచి. ఆమె పన్నెండు పేజీల మార్గదర్శకాలను సారు బల్లమీదనుంచి అడిగి తెచ్చుకుంది. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది. మండలంలో వాటిని చదివిన మనిషి ఆమె ఒక్కతే అయ్యుండాలి.

రెండు రోజులకు చెన్నకేశవులు గారే వచ్చారు, సన్మానం చేయడానికి. నలభై రెండుమంది పూర్వ విద్యార్థులు ఊరు విడిచిపోకుండా, పైగా రోజూ బడికి రావడం మండలంలో ఇదే మొదటిసారట. కారులోనుంచి శాలువాల మూట దించారు.

దస్తగిరి సారు చేతులు జోడించాడు. "సార్, శాలువాలు తరవాత. పిల్లోళ్ళకు హాల్ టికెట్లు రాల్యా సార్. రిజిస్టరు రద్దు చేసుకుంటాము, తప్పు నాదే..."

"తప్పు అనకండి!" చెన్నకేశవులు గారు చుట్టూ చూశారు. "తప్పు జరిగితే విచారణ, విచారణకు కమిటీ, కమిటీకి ఉపకమిటీ. తప్పేమీ జరగలేదు. వీళ్ళు తొంభై ఒకటిలో పది చదివారు. పూర్తి చేశారు. అభినందనలు."

"మేము ఇంగా పిల్లోళ్ళమే సార్!" అంది మాబున్ని కళ్ళద్దాలు తీసి.

"అది నీ అభిప్రాయం. రికార్డు వేరే చెబుతోంది. ఇక మార్చడమంటారా, మార్గదర్శకాలు ఒకటో పేజీ చూడండి. సీరియల్ సూత్రాన్నే నిబంధనగా పెట్టాం. 'గతాన్ని ముట్టుకోరాదు.' ఒకసారి నమోదైన గతం నమోదైనట్టే."

అందరూ తలలు వంచుకున్నారు. అప్పుడు రెండో బెంచీలోనుంచి ఏదో చిన్న శబ్దం వచ్చింది.

"చౌడేశ్వరి మాట్లాడతాంది సార్!" అని మాబున్ని అరిచింది, హాజరు పలికే అలవాటుతో.

చౌడేశ్వరి లేచి నిలబడింది. చేతిలో మార్గదర్శకాల కాగితాలున్నాయి. చూపు నేలమీదే ఉంది. "సార్... పదకొండో నిబంధన సార్. ఇరవై ఆరు భాగాలూ చూస్తేనే పది పూర్తయినట్టు అని ఉంది."

"అవును. చూశారుగా?"

"యాప్‌కూ రిజిస్టరుకూ తేడా వస్తే రిజిస్టరే ప్రమాణమని పద్నాలుగో నిబంధన సార్. రిజిస్టరులో ఇరవై ఆరో వారం... కరెంటు పోయింది."

చెన్నకేశవులు గారు రిజిస్టరు తెప్పించుకున్నారు. చివరి పేజీ తిప్పి, డిసెంబరు ఇరవై తొమ్మిది కింద సన్నని అక్షరాలు చదివారు. ఆయన ముఖం వెలిగిపోయింది. తప్పు ఒప్పుకోకుండా బయటపడే దారి కనిపించిన అధికారి ముఖం అంత అందంగా ఇంకెప్పుడూ ఉండదు.

"అద్భుతం! అంటే ఎవరూ పూర్తి చేయలేదు. కాబట్టి ఇంకా చదువుతున్నట్టే. కాబట్టి హాల్ టికెట్లకు అర్హులే. గతాన్ని మనం ముట్టుకోలేదు, గతమే మనకు సహకరించింది!" కలం తీసి అక్కడికక్కడే ఉత్తర్వు రాశారు. "తొంభై ఒకటి రిజిస్టరులో నమోదైన విద్యార్థులందరినీ పదో తరగతి పూర్తిచేయనివారిగా పరిగణించి హాల్ టికెట్లు జారీ చేయవలసినది."

చౌడేశ్వరి ఇంకా కూర్చోలేదు. "అందరినీనా సార్? ఒక్కరు కూడా మిగలకుండానా?"

"ఒక్కరు కూడా మిగలకుండా!" ఆయన ఉదారంగా నవ్వి, 'ఎవరికీ మినహాయింపు లేకుండా' అని పైన ఇంకో ముక్క చేర్చి, కింద రెండు గీతలు కొట్టి సంతకం చేశారు. శాలువాలు మళ్ళీ కారెక్కాయి.

వారంలో హాల్ టికెట్లు వచ్చాయి. నలభై మూడు. ఆఖరిదానిమీద కోటు వేసుకున్న చెన్నకేశవులు గారి ఫోటో ఉంది. కింద ఒక గమనిక కూడా: 'హాజరు ఇరవై ఆరుకు రెండు. తక్కిన భాగాలు విద్యార్థులతో కలిసి చూసినచో పరీక్షకు అనుమతి. పది పూర్తిచేయనివారు అధికార పదవిలో కొనసాగరాదు.'

ఆయన జిల్లాకు ఫోను చేశారట. "సార్, నేను డిగ్రీ చదివాను సార్!" అంటే, అవతలినుంచి "చెన్నకేశవులు గారూ, మీరు సమస్యను భావోద్వేగంతో చూస్తున్నారు" అన్నారట.

మరుసటి సోమవారం ఆయన ఎర్రవంకపల్లె బడికి వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. మోకాళ్ళు బల్లకింద పట్టలేదు. "ఈ గైర్హాజరు ఎవరు వేశారు?" అని దస్తగిరి సారును గుసగుసగా అడిగారు.

"లీడరు సార్."

"ఎవరా లీడరు?"

"నేనే సార్" అంది చౌడేశ్వరి. ఈసారి మాబున్ని సాయం లేకుండానే అందరికీ వినిపించింది. "తొంభై ఒకటిలో."

ఆయన నోరు తెరిచారు. దస్తగిరి సారు వెంటనే ఫోటో తీశాడు. అంత శాస్త్రీయమైన ఆశ్చర్యం మండలంలో ఏ బడీ పంపలేదని యాప్ మెచ్చుకుంది.

ఆయనకోసం మూడో భాగం మళ్ళీ వేసిన రోజున జేజి కూడా వచ్చి కిటికీ పక్కన ముక్కాలిపీట వేసుకుంది. తెరమీద అట్ట బల్లి తల ఊపింది. వెనక బెంచీ కిర్రుమంది.

"కేశవా, చెప్పులు ఏసుకునే ఉండావా నాయనా?" అంది జేజి వెనక్కి తిరక్కుండానే.

పరీక్షలకు నాలుగు రోజుల ముందు ఇరవై ఆరో భాగం వేశారు. కరెంటు ఉంది. ఫోటో సంగతి సారు మరిచిపోయాడు, మొదటిసారి తెరవైపు తిరిగి కూర్చున్నాడు. రోలరు గతంలోనుంచి కదలనంటే కదలనని మొరాయించి, చివరికి బయటపడి, పొగ కక్కుకుంటూ తన వీధిలోకి వచ్చి ఆగింది. ఇంజనీరు బాబాయి దిగాడు. వాకిట్లో ఆయన పెళ్ళాం నడుముమీద చేతులు పెట్టుకుని నిలబడి, పొద్దున తెమ్మన్న కరివేపాకు ఏదని అడిగింది. అంతే, అయిపోయింది.

జేజి తెల్లగా వెలుగుతున్న తెరవైపు చెయ్యి చూపింది. "వచ్చినాడులే పాపా" అని కొంగుతో కళ్ళొత్తుకుంది. "ముప్పై మూడేండ్లు. కరివేపాకు మర్సిపోయి వచ్చినాడు, మొగోడు!"

చౌడేశ్వరి అప్పటికే దరఖాస్తులో నంబరు వేసి, ఆఖరి తేదీకి ముందురోజే పంపించేసింది. నలభై రెండు ఆమె వరస సంఖ్య కాబట్టి, పరీక్ష హాల్లో ఆమె పక్కబల్ల నలభై మూడుది. అక్కడ చెన్నకేశవులు గారు, అట్టమీద క్లిప్పు, రెండు కలాలు, నీళ్ళ సీసాతో బుద్ధిగా కూర్చున్నారు. లెక్కల పరీక్ష. గంట గడిచింది. త్రికోణమితి దగ్గర ఆయన కలం ఆగిపోయింది. ఆ పాఠం ఈ ఏడు బడిలో ఆలస్యంగా మొదలైందని, దానికి కారణం ఎవరని ఆయన అడగదలచుకోలేదు.

పరిశీలకుడు అటు తిరిగినప్పుడు గుసగుస వినిపించింది. "పాపా... మూడో లెక్క. కొంచెం. ఈ ఒక్కసారికి."

చౌడేశ్వరి తల ఎత్తలేదు. రాస్తున్న వరస పూర్తిచేసింది. కిందగా గీత కొట్టి, తన కాగితాలన్నీ తీసి అట్ట అవతలి వైపుకు జరిపి, ఆయనకు మాత్రమే వినిపించేలా చెప్పింది.

"ఎదురుగా గడియారం ఉంది, చూడండి సార్. గంట కొడతారు, వినండి. దేన్నీ ముట్టుకోకండి."